గుర్రం కదల్లేదు

నా చిన్నప్పుడు శనివారం పొద్దున టీవీ పెడితే గుర్రాలు కనిపించేవి. కార్టూన్లు అయ్యాక మా ఊరి చానెల్ వాళ్ళు పాత నలుపు తెలుపు కౌబాయ్ సినిమాలు వేసేవాళ్ళు. వీధిలో పిల్లలందరూ సైకిళ్ళు తొక్కుకునే వేళకి నేను కార్పెట్ మీద బోర్లా పడుకుని, మోచేతుల మీద ఎర్రగా అచ్చులు పడేదాకా వాటిని చూసేదాన్ని. అందులో పాటలు పాడే కౌబాయ్ ఒకాయన ఉండేవాడు. తెల్ల టోపీ, మెడకి రుమాలు, జీనుకి ఒక పక్క తుపాకీ, ఇంకో పక్క గిటారు. దొంగల వెంట పడి వెళ్తూ వెళ్తూ ఏటి దగ్గర ఆగి, గుర్రానికి నీళ్ళు పెట్టి, ఒక పాట మొత్తం పాడేవాడు. అంతసేపూ ఆ దొంగలు ఎక్కడ కూర్చునేవాళ్ళో నాకు ఇప్పటికీ తెలియదు.

అది 1979. లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన, కొండలకి ఇవతల లోయలో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు, మూడో క్లాసు. చెల్లికి ఎనిమిది నిండలేదు, రెండో క్లాసు. నాన్న ఆస్పత్రిలో డాక్టరు. ఆయనకి శనివారం సెలవు దొరికితే సోఫాలో కూర్చుని పేపరు చదువుతూ, కౌబాయ్ పాట మొదలవగానే పేపరు కొంచెం దించి, పాడేది వాడు కాదు, వెనక ఎవరో పాడి ఉంటారు అనేవాడు. నాన్నకి తెలిసిన సినిమా అంతే. తెర మీద ఒకరు, మైకు ముందు ఇంకొకరు. నాకు మాత్రం అది మింగుడుపడలేదు. నోరు అంత బాగా కదులుతుంటే గొంతు ఇంకొకరిది ఎలా అవుతుంది? ఆ అనుమానం తీర్చుకోవడానికే మొదటిసారి పక్కింటి తలుపు కొట్టాను.

పక్కింట్లో ఒక అమెరికన్ పెద్దావిడ ఒక్కతే ఉండేది. భర్త పోయాడు, కొడుకు ఎక్కడో దూరంగా ఉండేవాడు. పేరు పెట్టి పిలవొద్దు, మామ్మగారూ అను అని మా అమ్మ నేర్పింది. ఆవిడకి ఆ పిలుపు నచ్చింది. మా ఇంటికి ఫోన్ చేస్తే అమ్మతో, "నేను మామ్మగారిని" అని తనే చెప్పుకునేది. అమ్మ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకునేది.

మామ్మ వయసులో ఉండగా కొండ అవతల ఒక చిన్న స్టూడియోలో పనిచేసింది. అక్కడ వారానికో సినిమా తీసి పారేసేవాళ్ళట. ఈవిడ పని, ఏ షాట్‌లో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, టోపీ ఏ చేతిలో ఉంది, గుర్రం ముఖం ఎటు ఉంది అని నోట్‌బుక్‌లో రాసుకోవడం. పొద్దున తీసిన ముక్కకీ సాయంత్రం తీసిన ముక్కకీ అతుకు తెలియకుండా ఉండాలంటే ఆ రాతలే ఆధారం. మా పాటల కౌబాయ్ మొదటి సినిమాలు తీసింది ఆ స్టూడియోలోనే. ఆ సంగతి తెలిశాక నేను ఆ ఇల్లు వదిలితే ఒట్టు.

నా ప్రశ్నకి ఆవిడ సమాధానం, పాడింది ఆయనే అని. అయితే గుర్రం మీద కూర్చుని కాదు. ముందు రోజు గోడలకి దుప్పట్లు వేలాడదీసిన గదిలో పాడించి రికార్డు చేసేవాళ్ళు. మర్నాడు కొండ మీద ఆ రికార్డు లౌడ్‌స్పీకర్‌లో వేస్తే, ఆయన గుర్రం మీద కూర్చుని తన పాటకి తనే నోరు కదిపేవాడు. మొదట్లో దీంతో ఒక చిక్కు వచ్చిందట. యజమాని గొంతు పక్కనుంచి వినిపించేసరికి గుర్రం ఆయన్ని వీపు మీద మోస్తూనే తల తిప్పి లౌడ్‌స్పీకర్ వైపు చూసేదట. ఎన్నిసార్లు తీసినా అంతే. చివరికి లౌడ్‌స్పీకర్‌ని కెమెరా పక్కకి తెచ్చి పెట్టారు. అప్పుడు గుర్రం బుద్ధిగా ప్రేక్షకుల వైపు చూస్తూ పాట విన్నది. ఇంటికి వచ్చి నాన్నకి చెప్తే, ఇద్దరిదీ సగం సగం నిజమేలే అన్నాడు. ఓడిపోవడం ఆయనకి ఇష్టం ఉండదు.

ఆ తర్వాత ప్రతి శనివారం మామ్మ ఇంట్లోనే సినిమా. ఆ ఒక్క గుర్రం నిజానికి రెండు గుర్రాలని, దగ్గరగా తీసేటప్పుడు నెమ్మదైనది, పరుగుకి ఇంకొకటి అని, రెండోదానికి నుదుటి మీద మచ్చ లేకపోతే సుద్దతో దిద్దేవాళ్ళని చెప్పింది. చెమట పడితే మచ్చ కారిపోయేదట. నేను తెర మీద మచ్చ చూసి ఇది ఏ గుర్రమో చెప్పేదాన్ని. ఎక్కువసార్లు సరిగ్గానే చెప్పేదాన్ని.

సినిమా అయ్యాక ఇంకో పని ఉండేది. లైబ్రరీ పుస్తకం ఒకటి పట్టుకెళ్ళేదాన్ని. మామ్మ ఒకసారి పైకి చదివేది. తర్వాత నేను అదే పుస్తకం పట్టుకుని ఆవిడకి చదివి వినిపించేదాన్ని. ఆవిడ చప్పట్లు కొట్టేది.

ఇక్కడ అసలు సంగతి చెప్పేస్తాను, నాన్చడం నాకు చేతకాదు. నాకు చదవడం రాదు. తొమ్మిదేళ్ళొచ్చినా, మూడో క్లాసులో ఉన్నా, రాదు. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా అయితే గుర్తుపట్టేదాన్ని. నాలుగు పక్కపక్కన చేరాయంటే బెల్లం మీద చీమల్లా కదిలేవి. దానికి డాక్టర్లు పెట్టిన పేరొకటి ఉందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిన పేరు మొద్దు ఒక్కటే, అది నన్ను నేను లోపల పిలుచుకునే పేరు.

బయట మాత్రం నా పేరు వేరు. చెవిన పడింది ఏదీ నన్ను వదిలి పోయేది కాదు. అక్కడ మన తెలుగువాళ్ళు పది పన్నెండు కుటుంబాలు ఉండేవి. నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలిసేవాళ్ళు. భోజనాలయ్యాక పిల్లల్ని ఒక్కొక్కరినీ హాల్లో నిలబెట్టి శ్లోకాలూ పద్యాలూ చెప్పించేవాళ్ళు. మిగతా పిల్లలు రెండు పాదాలకే నీళ్ళు నమిలితే నేను గుక్క తిప్పుకోకుండా ఇరవై చెప్పేదాన్ని. అమ్మ వంట చేస్తూ ఒక్కసారి అంటే చాలు, నాకు వచ్చేసేది. ఒక అంకుల్ ప్రతిసారీ ఇదే మాట అనేవాడు: "డాక్టర్‌గారూ, మీ పెద్దది ఏకసంథాగ్రాహి అండీ. ఇట్లాంటి బ్రెయిన్ మా వాడికి పావు వంతు ఉన్నా మెడికల్ స్కూల్ గ్యారంటీ." నాన్న అబ్బే అనేవాడు కానీ ఆ రోజు కారు నడుపుతూ ఈల వేసేవాడు.

ఇరవై పద్యాలు చెప్పే పిల్లకి చదవడం రాదని ఎవరికైనా ఎందుకు అనుమానం వస్తుంది? మా వాళ్ళకి అప్పజెప్పడమే చదువు. క్లాసులో కూడా ఒకే కథ వారమంతా వంతులవారీగా చదివించేవాళ్ళు. నా వంతు వచ్చేసరికి పదిమంది నోట విని ఉండేదాన్ని. ఇంట్లో చెల్లి పైకి చదువుకునేది. దాని పక్కన కూర్చుని బొమ్మలు దిద్దుతున్నట్టు నటిస్తూ వినేదాన్ని. విననివి చదవమంటే కడుపునొప్పి. ఆ ఏడాది నాకు వచ్చినన్ని కడుపునొప్పులు ఎవరికీ వచ్చి ఉండవు.

వసంతకాలం సెలవులు అయ్యాక స్కూలు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నా చేతికే ఇచ్చి పంపారు. అందులో ఏముందో టీచర్ నోటితో కూడా చెప్పింది కాబట్టి తెలిసింది. సోమవారం నాడు చదవడం నేర్పే ప్రత్యేక టీచర్ ఒకావిడ నన్ను ఒంటరిగా కూర్చోబెట్టి చదివిస్తుంది. చదవలేకపోతే వచ్చే ఏడు మళ్ళీ మూడో క్లాసే. మా స్కూల్లో ఒక్కో క్లాసుకీ ఒకటే గది. అంటే నేను ఆగిపోతే చెల్లి వచ్చి నా పక్కన కూర్చుంటుంది.

ఉత్తరం చదివి నాన్న నవ్వాడు. "దీనికా టెస్టు? వీళ్ళకి పనేం లేదు" అని సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఆగిపోతే చెల్లి పక్కన కూర్చోవడం ఒక ఎత్తు. కారులో నాన్న ఈల ఇంక వినిపించదు అన్నది ఇంకో ఎత్తు.

నాకు తోచిన ఉపాయం ఒక్కటే. టెస్టులో కథలు ఏ పుస్తకంలోనివో క్లాసులో అందరికీ తెలుసు. అందులో ఆరు కథలున్నాయి. ఆ పుస్తకం తెచ్చుకుని, మామ్మ చేత ఆరూ చదివించుకుని, ఆదివారం సాయంత్రానికల్లా కంఠతా పట్టేస్తే సరిపోతుంది. నావల్ల అవుతుందని నాకు తెలుసు.

శనివారం పొద్దున్నే వెళ్ళాను. మామ్మ అప్పటికే టీవీ పెట్టుకుని కూర్చుంది. పుస్తకం ఒళ్ళో పెట్టి, ఇవాళ ఆరు కథలూ చదవాలి అన్నాను. ముందు ఇది చూద్దాం కూర్చో, ఇందులో నీకు ఒకటి చూపించాలి అంది. సినిమా సగం అయ్యాక పాట వచ్చింది. కౌబాయ్‌కి హీరోయిన్ ఉత్తరం రాసింది. ఆయన కంచె మీద కూర్చుని, ఆ ఉత్తరం ఎడమ చేత్తో పట్టుకుని, అందులో ఉన్నదంతా పాటగా పాడుతున్నాడు. నాకు బాగా ఇష్టమైన పాట. నేను కూడా పాడుతున్నాను.

మామ్మ లేచి వెళ్ళి టీవీ గొంతు పూర్తిగా తగ్గించేసింది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, నాలో మిగిలింది మాత్రం తెలుగులో ఉంది. "పాట ఎప్పుడూ వినేదే. ఇప్పుడు కళ్ళు చూడు" అంది.

చూశాను. నాకేమీ కనిపించలేదు. నోరు కదులుతోంది, కనుబొమలు లేస్తున్నాయి. ఏం చూడాలి అని అడిగాను. చదివేవాళ్ళ కళ్ళు ఒకచోట ఉండవు, పక్కకి చిన్న చిన్నగా జరుగుతూ పోయి, వరస చివర మళ్ళీ వెనక్కి వస్తాయి అని చెప్పింది. పేపరు చదివేటప్పుడు మీ నాన్న కళ్ళు గమనించు అంది. అప్పుడు మళ్ళీ చూశాను. ఉత్తరం మీద ఆయన కళ్ళు మేకు కొట్టినట్టు ఒక్కచోటే ఉన్నాయి. పాట ఎక్కడికో వెళ్ళిపోతోంది, కళ్ళు వెళ్ళడం లేదు.

నటన కదా మామ్మా, అది వట్టి తెల్ల కాగితం అయి ఉంటుంది అన్నాను. కాదు, ఆ కాగితం మీద పాటంతా నేనే రాశాను అంది. తర్వాత నా వైపు చూడకుండా, టీవీ వైపే చూస్తూ, మెల్లగా ఇంకో మాట అంది.

"మూడు వారాలుగా నువ్వు నాకు చదివి వినిపిస్తున్నప్పుడు నీ కళ్ళు చూస్తున్నాను."

నా ఒళ్ళో పుస్తకం బరువెక్కింది. పారిపోదామనుకున్నాను. పుస్తకం గట్టిగా పట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి అట్టపెట్టెలోంచి పాత నోట్‌బుక్ ఒకటి తెచ్చి, నా పక్కన కూర్చుని, ఆయన సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

ఆయన ఎక్కడో పత్తి చేలల్లో పెరిగినవాడట. రేడియోలో పాడుతుంటే విని స్టూడియో వాళ్ళు తెచ్చుకున్నారు. స్క్రిప్టు చేతికిస్తే ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, తిన్నగా ఈవిడ దగ్గరికి వచ్చి, నువ్వు ఒకసారి చదివి పెట్టు, నీ గొంతులో వింటే నాకు బాగా ఎక్కుతుంది అనేవాడట. ఒక్కసారి వింటే చాలు, మాట పొల్లుపోయేది కాదు. ఆయన ఇదంతా తన మీద ఇష్టంతో అంటున్నాడనుకుని ఈవిడ రోజూ మంచి గౌను వేసుకుని వెళ్ళేదట. ఇరవై రెండేళ్ళదాన్ని, అంతకంటే తెలివి ఎక్కణ్నుంచి వస్తుంది అని నవ్వింది.

ఒకరోజు కొండ దగ్గర షూటింగ్. డైరెక్టర్‌కి అప్పటికప్పుడు ఒక ఆలోచన వచ్చింది. కౌబాయ్ గుర్రం మీద కూర్చుని, ఊళ్ళోవాళ్ళందరి ముందూ ఒక ప్రకటన చదవాలి. అక్కడే నాలుగు వరసలు రాయించి కాగితం ఆయన చేతికి ఇచ్చారు. ఈవిడ అప్పుడు దూరంగా రెండో గుర్రం నుదుటి మీద సుద్ద మచ్చ సరిచూస్తోంది. ఆయన అటూ ఇటూ ఈవిడ కోసం చూశాడట. డైరెక్టర్ తొందరపెట్టాడు, ఎండ పోతోంది చదువు అని. ఆ కేక విని ఈవిడ తల తిప్పి చూసింది. నలభై మంది ఎదురుగా నిలబడి ఉన్నారు. ఆయన కాగితం వైపు చూశాడు. చూసి, జీను మీద నుంచి పక్కకి ఒరిగి, రాళ్ళ మీద పడ్డాడు. మెడ కింద ఎముక విరిగింది.

మామ్మ నోట్‌బుక్ తెరిచింది. స్టూడియో ఆఫీసుకి జరిగినదంతా రాసి ఇవ్వాల్సింది ఈవిడే. ఆ పేజీలో ఒక వరస కింద వేలు పెట్టి నాకు చదివి వినిపించింది. గుర్రం బెదిరింది, హీరో కింద పడ్డాడు అని ఉంది.

"అబద్ధం రాశాను. గుర్రం ఎక్కడ నిలబడిందో చూడటమే నా ఉద్యోగం. గుర్రం కదల్లేదు. కాలు కూడా ఎత్తలేదు."

అప్పుడు అర్థమైందట ఆవిడకి, ఆ మడిచి జేబులో పెట్టుకోవడం, నీ గొంతులో వింటే అనడం, అన్నీ. నాకు చదవడం రాదు అని నలభై మంది ముందు చెప్పలేక ఒక మనిషి ఎముక విరగ్గొట్టుకున్నాడు. మంచి గుర్రం మీద బెదురుగొడ్డు అని పేరు పడింది, దాన్ని మర్నాడే అమ్మేశారు. ఆ నెమ్మదైన గుర్రం పేరు ఆవిడకి గుర్తుంది, చెప్పింది కూడా.

ఇందాకటి ఉత్తరం పాట ఆ తర్వాత తీసిందే. కుడి భుజానికి చొక్కా కింద ఇంకా కట్టు ఉంది, అందుకే కాగితం ఎడమ చేతిలో పట్టుకున్నాడు. నేను అడిగాను, మరి మీరు నేర్పలేదా అని. మామ్మ నోట్‌బుక్ మూసింది. నేర్పలేదు అంది. అతని పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఎవరూ పట్టుకోకుండా ప్రతి రోజూ ముందే అన్నీ చదివి పెట్టాను. నాలుగు సినిమాలు అలా గడిచాయి. పెద్ద స్టూడియో వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. పెద్ద స్టార్ అయ్యాడు. పిల్లలు బస్తాల కొద్దీ ఉత్తరాలు రాసేవాళ్ళు. అవన్నీ ఎవరు చదివి వినిపించారో నాకు తెలియదు.

"తర్వాత ఆయనకి వచ్చిందా మామ్మా చదవడం?"

"నేనెప్పుడూ అడగలేదు. దాచుకోవడానికి సాయం చేశాను కానీ నేర్చుకోవడానికి చెయ్యలేదు. అది సాయం అని నలభై ఏళ్ళు అనుకున్నాను."

తర్వాత నా ఒళ్ళో పుస్తకం తీసి మూసి, నాకే తిరిగి ఇచ్చింది. ఇవాళ ఇది నేను చదవను అంది. నాకు కోపం వచ్చింది. మీరు మంచివాళ్ళు కాదు అన్నాను. అంతకంటే పెద్ద తిట్టు నాకు ఇంగ్లీషులో రాదు. ఆవిడ అవునన్నట్టు తలూపింది. తలుపు దాకా వచ్చి, సోమవారం సాయంత్రం రా, ఏం జరిగినా రా అని మాత్రం అంది.

ఆదివారమంతా నేను చెల్లిని బతిమాలాను ఆ కథలు చదివి పెట్టమని. దానికి ఎవరిదో పుట్టినరోజు పార్టీ. "నీకు రావా ఏంటి, నువ్వే చదువుకో" అనేసి గౌను వేసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం మా అరుగు మెట్ల మీద నిలబడి, ఇక్కణ్నుంచి దూకితే చెయ్యి విరుగుతుందా అని చూశాను. మూడే మెట్లు. విరగదు. ఆ ఆలోచన వచ్చిందని తెలియగానే లోపలికి పరిగెత్తి తలుపు వేసుకున్నాను. ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

సోమవారం నన్ను ఆఫీసు పక్కన చిన్న గదిలోకి తీసుకెళ్ళారు. ఆ టీచర్‌ని నేను అంతకుముందు చూడలేదు. సన్నగా, చేతిలో పెన్సిల్‌తో ఉంది. పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. బొమ్మ చూడగానే నా గుండె ఎగిరింది. బావిలో పడ్డ మేకపిల్ల కథ. ఆరింటిలో ఆ ఒక్కటీ చెల్లి శీతాకాలం సెలవుల్లో తన స్నేహితురాలి పుస్తకంలోంచి పైకి చదివింది. నాకు మొదటి మాట నుంచి చివరి మాట దాకా వచ్చు. అదృష్టం అంటే అంతకంటే ఏం కావాలి.

మొదలుపెట్టాను. ఒక వాక్యం అన్నాను. ఆవిడ పెన్సిల్‌తో ఒక టిక్కు పెట్టింది. రెండో వాక్యం. ఇంకో టిక్కు. ఆ పెన్సిల్ చప్పుడు కూడా నాకు వినిపిస్తోంది.

మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. మామ్మ మాట గుర్తొచ్చి ఆగానని చెప్పుకుంటే బాగుంటుంది కానీ అది నిజం కాదు. నాకు భయం వేసింది. ఇది దాటితే నాలుగో క్లాసు. అక్కడ పుస్తకాలు ఇంకా లావు. తర్వాత ఐదు. ఎన్ని పుస్తకాలని వింటాను, ఎవరి నోటితో వింటాను, ఎన్నేళ్ళు? ముందున్న దారంతా ఒక్కసారిగా కనిపించింది, అందులో ఎక్కడా కూర్చునే చోటు లేదు.

"నాకు చదవడం రాదు" అన్నాను. "ఈ కథ నాకు నోటికి వచ్చు. చదవడం రాదు."

టీచర్ పెన్సిల్ కింద పెట్టింది. ఎప్పట్నుంచి అని అడిగింది. మొదట్నుంచీ అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు, జాలీ పడలేదు. పుస్తకంలో ఇంకో పేజీ తిప్పి, ఇందులో నీకు తెలిసిన అక్షరాలు చూపించు చాలు అంది. లంచ్ బెల్ కొట్టేదాకా అక్షరాలు చూపిస్తూ కూర్చున్నాను. ఆ రోజు కడుపునొప్పి రాలేదు.

ఆ సాయంత్రం చెప్పినట్టే మామ్మ దగ్గరికి వెళ్ళి, జరిగింది చెప్పాను. ఆవిడ సబ్బు నీళ్ళలో ఉన్న చేతులు తుడుచుకోకుండానే నన్ను దగ్గరికి తీసుకుంది. నా జడ తడిసిపోయింది.

కథలైతే ఇక్కడితో సుఖంగా అయిపోతాయి. నాకు అలా అవలేదు. మూడో క్లాసులోనే ఉండిపోయాను. స్కూలు నుంచి ఫోన్ వచ్చిన రోజు అమ్మ వంటింట్లో కింద కూర్చుండిపోయింది. మరి అన్ని పద్యాలు ఎలా వచ్చాయే అని అడిగింది. నువ్వు చెప్పావు, నేను విన్నాను అన్నాను. అమ్మకి అప్పుడు ఏడుపొచ్చింది. నాన్న నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. చెల్లి వచ్చి నా పక్కన కూర్చున్నాక మొదటి వారంలోనే, "అక్కా, కావాలంటే నా నోట్స్ చూసుకో" అంది. గిల్లాను. ఆ ఏడాదంతా రోజూ అదే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వేలు పట్టి చదివించింది. అదీ నిజమే.

వేసవిలో మళ్ళీ ఎవరింట్లోనో కలిశాం. ఆ అంకులే నాన్నని, పెద్దమ్మాయి ఇప్పుడు ఏ గ్రేడండీ అని అడిగాడు. వయసు చాలకుండా చేర్పించాం, అందుకని ఇంకో ఏడాది... అని నాన్న ఏదో మొదలుపెట్టాడు. ఆయన చెంపలు ఎర్రబడ్డాయి. ఆ ముఖం నాకు తెలుసు. అది నా ముఖమే.

"నాకు చదవడం రాదు అంకుల్. నేర్చుకుంటున్నాను" అన్నాను.

ఎవరో ఆంటీ స్వీట్ తీసుకోండి అంటూ పళ్ళెం తిప్పింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో నాన్న, అందరి ముందూ చెప్పాలా అన్నాడు. అడిగారు కదండీ అంది అమ్మ. మర్నాడు నాన్న డ్యూటీ నుంచి వస్తూ పెద్ద పెద్ద అక్షరాల పుస్తకాలు నాలుగు తెచ్చి, నా మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాన్న క్షమాపణ అలాగే ఉంటుంది.

పుస్తకం మొత్తం నా అంతట నేను చదివింది పదకొండేళ్ళకి. అప్పటికి మామ్మని కొడుకు వచ్చి తీసుకెళ్ళిపోయాడు. చదివి వినిపిద్దామనుకున్నాను, కుదరలేదు. నేను డాక్టర్ని కాలేదు. ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం ముప్పై ఏళ్ళు చేశాను. మంచి ఉద్యోగం. కొత్త మెషీన్ వచ్చిన ప్రతిసారీ అందరూ తెలిసినట్టు తలూపుతుంటే నేను మాత్రం చెయ్యెత్తి, నాకు రాదు, మళ్ళీ చూపించండి అనేదాన్ని. తర్వాత అందరూ నన్ను అడగడానికి వచ్చేవాళ్ళు.

యాభై రెండేళ్ళకి జార్జియాలో కమ్మింగ్ అనే ఊరికి మారాం. అక్కడ ఆదివారాలు పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పుతారు. ఇంగ్లీషుతోనే అంత అవస్థపడ్డానని తెలుగు అక్షరాల జోలికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ ఏడు వెళ్ళాను. చిన్న చిన్న కుర్చీలు, ఆరేడేళ్ళ పిల్లలు. చెప్పే అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, కాలేజీలో చదువుతోంది. నన్ను చూసి, "ఆంటీ, కిడ్స్‌ని డ్రాప్ చేయడానికి వచ్చారా? వెనకాల వెయిట్ చేయొచ్చు" అంది.

ఇన్నేళ్ళు వచ్చినా నాకు రాదు అనే మాట నోట్లోంచి రావడానికి ముందు నా గుండె అలాగే కొట్టుకుంది. ఆ చిన్న గదిలో కొట్టుకున్నట్టే. అది తగ్గదు. ధైర్యం అలవాటైపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ అలవాటు నాకు అవలేదు. ప్రతిసారీ కొత్తగానే చెప్తున్నాను.

"లేదమ్మా, నేర్చుకోవడానికే వచ్చాను. నాకు ఒక్క అక్షరం కూడా రాదు" అన్నాను.

పక్కన కూర్చున్న పాప నన్ను ఎగాదిగా చూసి, తన పుస్తకం నా వైపు సగం జరిపింది.